బావగారి చేతి మైనం

మా తోటికోడలు ఎలీసమ్మక్కకి కోపం రావడం అరుదు. మా ఇంట్లో కోపాల డిపార్ట్‌మెంటు మొదటినుంచీ నాదే. చిలకలూరిపేట కోల్డ్ స్టోరేజీ షెడ్లలో రోజంతా మిరపకాయల తొడిమలు తీసి, వేళ్లు భగభగ మండుతున్నా, ఇంటికొచ్చి నవ్వుతూ అన్నం వడ్డించేది. నేనైతే కంచాలు విసిరికొట్టేదాన్ని!

మా బావగారు జోసఫ్ గారు టాక్సీ తోలేవారు. మెరూన్ రంగు అంబాసిడర్. ప్రతి శనివారం మధ్యాహ్నం, మర్నాడు చర్చికి వెళ్లాలని, దాన్ని కడిగి రేకుల షెడ్డు కింద పెట్టి, డబ్బాలోంచి మైనం తీసి పాత బనీను ముక్కతో పూసేవారు. ఆరాక ఇంకో గుడ్డతో తుడిచేవారు. మా ఊళ్లో మిల్లుల నుంచి వచ్చే దూది నూగో, రోడ్డు మీద మిరప దుమ్మో ఎప్పుడూ ఏదో ఒకటి కారు మీద వాలుతూనే ఉంటుంది. మైనం ఉంటే ఏదీ అంటుకోదని ఆయన నమ్మకం.

పని అయ్యాక అక్క చెంబుతో వచ్చేది. బానెట్ మీద నీళ్లు జల్లేది. చామాకు మీద నీళ్లలాగా చుక్కలు గుండ్రంగా, లావుగా నిలబడేవి. ఇద్దరూ వంగి వాటిని చూసుకుంటూ మురిసిపోయేవారు. పెళ్లయి ఎన్నేళ్లయినా అదే వరస. "చాల్లెండి సంబడం, నీళ్లెప్పుడూ చూడనట్టు!" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

మొన్న ఫిబ్రవరిలో, అలా మైనం పూసిన రెండు రోజులకే, బావగారు గుండెపోటుతో పోయారు. అప్పటినుంచి కారు కదల్లేదు. అక్క దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

"ఆయన పూసిన ఆఖరి మైనం, లిడియా. అది ఉన్నన్నాళ్లూ ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉంటది నాకు" అనేది.

నూగు పడితే నోటితో ఊదేది. శనివారం రాగానే నీళ్లు జల్లి చూసేది. చుక్కలు నిలబడితే ఆ పూట కాస్త తిండి తినేది.

ఎంత మైనమైనా మా ఎండలకి ఎన్నాళ్లుంటుంది? జూన్‌లో ఒక శనివారం నీళ్లు చుక్కలు కట్టలేదు. బానెట్ మీద పలచగా పరుచుకుపోయాయి. ఒక మూలన మాత్రం నాలుగైదు నిలిచాయి. అక్క వాటినే చూస్తూ కూర్చుంది. ఎంత పిలిచినా అన్నానికి లేవలేదు.

మా అబ్బాయి మార్క్‌కి హైవే మీద కార్లకి మెరుగు పెట్టే షాపు ఉంది. పెద్దమ్మ అవస్థ వాడు చూడలేకపోయాడు. మర్నాడు మేము చర్చిలో ఉండగా కారు కడిగి, షాపు నుంచి తెచ్చిన స్ప్రే కొట్టి, తుడిచి, ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాడు. నాకైనా చెప్పలేదు వెధవ.

తరువాతి శనివారం మార్క్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. అక్క నీళ్లు జల్లింది. అబ్బ! బానెట్ నిండా చుక్కలే.

"అక్కా, చూశావా!" అని నేను గంతేశాను.

అక్క మొహం వెలిగింది. కానీ దగ్గరగా వంగి చూసింది. చుక్కలు ఆవగింజల్లా సన్నగా ఉన్నాయి. ఒక్క క్షణమైనా నిలవకుండా జరజరా జారిపోతున్నాయి.

"ఇవి ఆయనవి కావు" అంది. "ఆయన మైనం మీద చుక్క లావుగా ఉంటది, కదలకుండా కూర్చుంటది. ఇవి పరిగెడుతున్నాయి. మార్కూ, ఏం చేశావురా?"

వాడు తల దించుకున్నాడు. "స్ప్రే కొట్టాను పెద్దమ్మా. నువ్వట్టా కూర్చుంటే చూళ్లేక."

"పోన్లే నాయనా. దాని కింద ఆయనది ఉంది కదా?"

వాడు నా వంక చూశాడు.

"ఒరేయ్, నోరు విప్పరా!" అని అరిచాను.

"లేదు పెద్దమ్మా. ముందు షాంపూ పెట్టి గట్టిగా రుద్ది కడిగాను. ఆ మూలనున్నది కూడా పోయింది."

వాడి వీపు విమానం మోత మోగించేదాన్నే. చెయ్యి ఎత్తాను కూడా. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వాణ్ణేమీ అనకే" అంది నెమ్మదిగా. తరువాత వాడి వైపు తిరిగింది. "అయితే మీ పెదనాన్న ఇవాళ పోయాడురా."

ఫిబ్రవరిలో సమాధుల తోటలో మేమందరం గుండెలు బాదుకుంటుంటే చెమ్మ లేని కళ్లతో నిలబడ్డ మనిషి, కారు పక్కనే నేల మీద కూలబడి, నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.