అతను నీకేమవుతాడు?

1959లో నన్ను నందిగామ మేజిస్ట్రేటు కోర్టుకు అసిస్టెంటు పబ్లిక్ ప్రాసిక్యూటరుగా వేశారు. పోలీసులు పెట్టిన కేసును సర్కారు తరపున నడిపించే ప్లీడరన్నమాట. ముద్దాయి తరపు ప్లీడర్లకు ఫీజూ పేరూ వచ్చేవి. నాకు జీతమూ, హాజరుకాని సాక్షులూ దక్కేవి. బెజవాడ నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మా పరిధిలోంచే వెళ్తుంది కాబట్టి లారీ కేసులకు కొదవ లేదు. సాక్షులకే కరువు. ఊరంతా కళ్లారా చూసిన ప్రమాదమైనా సరే, కాగితం మీదికి వచ్చేసరికి ఆ పూట ఊళ్లో ఎవరూ ఉండేవారు కాదు. ఒకరు పొలంలో, ఒకరు పెళ్లిలో, ఇంకొకరు సరిగ్గా ఆ క్షణానికే కంట్లో నలక పడి కళ్లు మూసుకుని ఉండేవారు.

నేను చేరిన మరుసటి ఏడు తొలకరి రోజుల్లో, కంచికచర్ల దాటాక ఒక అడ్డరోడ్డు దగ్గర, కోటేశ్వరరావు శెట్టి అనే జగ్గయ్యపేట వేరుశెనగ వ్యాపారిని లారీ గుద్దింది. బస్సు దిగి రోడ్డు దాటుతున్నాడాయన. కాలు విరిగి, నెత్తురోడుతూ పడిపోయాడు. జనం చేరారు. మన జనానికి చట్టమంటే ఎంత గౌరవమో అలాంటప్పుడే తెలుస్తుంది. పోలీసులొచ్చి పంచనామా చేసేదాకా, అంటే పెద్దమనుషుల ఎదుట స్థలం చూసి రాసుకునేదాకా, దేన్నీ కదపకూడదని వాళ్లకు గట్టిగా తెలుసు. అది మూలుగుతున్న మనిషికి వర్తించదని మాత్రం ఎవరూ చెప్పలేదు పాపం. అందుకని ఆయన చుట్టూ రాళ్లు పేర్చారు. ఒక పుణ్యాత్ముడు రాళ్లకు ఇవతలే నిలబడి, చెయ్యి చాపి గొడుగు కూడా పట్టాడట.

ఆ సమయానికి పొలానికి ఎరువు తోలి ఖాళీ బండితో వస్తున్నాడు యేసోబు. వీరులపాడు దగ్గర పల్లెవాడు, చిన్న రైతు. లారీ గుద్దడం దూరం నుంచే చూశాడు. దగ్గరికొచ్చి బండి ఆపాడు.

"ఏంటయ్యా ఇది, బతికున్న మనిషికి సమాధి కడతన్నారు?" అన్నాడు.

"ముట్టుకోమాక, కేసవుద్ది. నీకేమవుతాడని?" అన్నారు పెద్దలు.

యేసోబు కాలితో రాళ్లు తన్నేసి, ఆయన్ను ఎత్తి బండిలో వేసుకున్నాడు. ఆ రాళ్లను తన్నినందుకే ఆ తర్వాతి గొడవంతా.

ఆసుపత్రి ఏదో చెప్పను. అక్కడ కాంపౌండరు గుమ్మంలోనే అదే ప్రశ్న వేశాడు, నీకేమవుతాడని. దారిన పడి ఉన్నాడంటే, ఇది పోలీసు కేసు, ఠాణా నుంచి చీటీ తెమ్మన్నాడు. సొంతమనుషులుంటే వేరే సంగతిట. చీటీ కోసం పోయి వచ్చేలోగా మనిషి దక్కేలా లేడు. యేసోబు ఒక్క క్షణం ఆలోచించి, "మా బావండి" అన్నాడు. వెంటనే తలుపు తెరుచుకుంది. లోపల కట్టు కట్టారు, సూది వేశారు, ప్రాణం నిలబెట్టారు. అక్కణ్ణుంచి ఠాణాకు వెళ్లి ఫిర్యాదు రాయించాడు. ఒకచోట బావ అన్నాక ఇంకోచోట కాదంటే బాగోదని అక్కడా బావే అన్నాడు. పోలీసులు శ్రద్ధగా రాసుకుని, నెత్తురు మరకలున్నాయి కాబట్టి బండిని కేసు ఆస్తిగా ఠాణా ఆవరణలో పెట్టించారు. ఎడ్లకు మరక అంటలేదు కాబట్టి వాటిని తోలుకుపొమ్మన్నారు. తొలకరిలో ఎడ్లున్నాయి, బండి లేదు.

కేసు విచారణకొచ్చింది. ఫిర్యాదు ఇచ్చినవాడు మొదటి సాక్షి. ఫిర్యాదు గురించి ఒక మాట చెప్పాలి. అందులో ఉన్నది దానంతటది రుజువు కాదు. రాయించినవాణ్ణి అబద్ధాలకోరని చూపించడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. యేసోబు బైబిలు మీద ప్రమాణం చేసి బోనెక్కాడు. నా ప్రశ్నలకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. తర్వాత ముద్దాయి తరపు ప్లీడరుగారు లేచారు. ఆయన చాలా నెమ్మదస్తుడు. మెడ మీద కత్తి పెట్టినా మెత్తగా పెట్టేవారు.

"శెట్టిగారు నీకు బావ ఎట్లా అయ్యాడయ్యా?"

కోర్టు హాలంతా నవ్వింది.

"కాడండి."

"ఫిర్యాదులో బావ అని రాయించావే?"

"రాయించానండి."

"అంటే అబద్ధమాడావు?"

"ఆడానండి. నిజం చెబితే తలుపు తియ్యట్లేదండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్లీడరుగారు మాత్రం చలించకుండా మేజిస్ట్రేటు వైపు తిరిగారు. పోలీసులకే అబద్ధం చెప్పినవాడి మాట మీద తన కక్షిదారుణ్ణి శిక్షించడం అన్యాయమన్నారు. సాక్షి మీదే కేసు పెట్టాలని అర్జీ కూడా ఇచ్చారు. తీర్పు రోజున చూద్దామన్నారు మేజిస్ట్రేటు. లారీతో మనిషిని గుద్దినవాడు వరండాలో బీడీ కాల్చుకుంటూ తిరుగుతుంటే, ఆ మనిషిని బతికించినవాడు జైలుకు పోతానేమోనని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తప్పు పట్టాలని ఆ అర్జీని రెండుసార్లు చదివాను. ఏం లాభం? అర్జీలో చట్టప్రకారం ఒక్క తప్పూ లేదు.

తర్వాతి వాయిదాకు కోటేశ్వరరావుగారు చంకకర్ర మీద వచ్చారు. వెంట ఒక పట్టు లాల్చీ ఆయన, సంచీ పట్టుకుని, వెనక బెంచీలో కూర్చున్నాడు. ప్లీడరుగారు మళ్లీ అదే అడిగారు. "ఈ యేసోబు మీకేమవుతాడు?"

శెట్టిగారు చంకకర్రను బోనుకు ఆనించారు. "నాకేమీ కాడండి. అయినవాడు ఆ రోజు నా పక్కనే ఉన్నాడు. మా ఆవిడ తమ్ముడు. ఇద్దరం ఒకే బస్సు దిగాం. నేను పడంగానే, సాక్ష్యానికి తిప్పుతారని భయపడి తర్వాతి బస్సెక్కి పేటకు పోయాడు. అదుగో, అక్కడే కూర్చున్నాడు."

అందరం వెనక్కి తిరిగాం. బెంచీ మీద సంచీ ఒక్కటే ఉంది. పట్టు లాల్చీ అప్పటికే గుమ్మం దాటుతోంది. ఆయన చేసినదాంట్లో నేరమేమీ లేదు. ఏ సెక్షనూ పట్టదు. అబద్ధం కూడా ఆడలేదు, మహానుభావుడు.

శెట్టిగారి సాక్ష్యం కూడా తోడై డ్రైవరుకు జరిమానా పడింది. యేసోబు మీద చర్య అక్కర్లేదని మేజిస్ట్రేటు తీర్పు చివర ఒక వాక్యం రాశారు. బండిని వదిలిపెట్టమని కూడా ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికి వానలన్నీ దాని మీదే కురిశాయి. చక్రాల పట్టీలు వదులై, నొగ పుచ్చిపోయి ఉందది. దాన్ని తోలుకుపోవడానికి వచ్చిన యేసోబును నేనే ఆపి అడిగాను, ఇంకోసారి ఇలాంటిది కనబడితే ఏం చేస్తావని. సర్కారీ ప్లీడరును కదా, బుద్ధిగా పోలీసులకు కబురుపెడతానంటాడని అనుకున్నాను.

"బండెక్కిస్తానండి. ఈసారి అన్న అంటా. బావంటే ప్లీడరుగారికి నచ్చలేదుగా," అన్నాడు.

గుద్దినవాణ్ణి ఏం చెయ్యాలో చట్టంలో రాసి ఉంది. ఎత్తుకొచ్చినవాణ్ణి ఏం చెయ్యాలో రాసి లేదు, అందుకని వాణ్ణి ప్రశ్నలడుగుతారు. ఆ తర్వాత నా సర్వీసంతా ఏ కేసులోనూ, సాయం చేసిన మనిషిని 'అతను నీకేమవుతాడు' అని నేను అడగలేదు. ఎదుటి ప్లీడరు అడిగినప్పుడల్లా లేచి అభ్యంతరం చెప్పాను. ప్రశ్న సందర్భోచితమేనని చాలాసార్లు కోర్టు నన్ను కూర్చోమంది.