మా నాన్నగారు అచ్చువేసిన పన్నెండు ఆకులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అనేవారు. అన్యాయం. నేను దాన్ని ముక్కుదాకా వెళ్లనిచ్చేదాన్ని కాదు, నాలిక మీదే ఉండేది.

పంతొమ్మిది వందల ముప్ఫైల్లో నేను ఏలూరులో టీచరు ట్రెయినింగు చదివేదాన్ని. ఆఖరి ఏడాది ప్రతివాళ్లూ పన్నెండు రకాల ఆకులు స్వయంగా అచ్చువేసి ఆల్బమ్ చెయ్యాలి. ఇన్‌స్పెక్ట్రెస్ గారు దాన్ని చూసి సరేనంటేనే సర్టిఫికెట్టు. మా నాన్నగారు ఆకివీడు దగ్గర, కొల్లేటి ఒడ్డున వ్యవసాయం చేసేవారు. ఆడపిల్లకి ఉద్యోగమేమిటని నన్ను పంపడమే ఆయనకి ఇష్టం లేదు. "తప్పావో, పెట్టె సర్దుకుని వచ్చెయ్. సంబంధం సిద్ధంగా ఉంది" అని ముందే చెప్పేశారు. ఆ సంబంధం మాటెత్తితేనే నాకు ఒళ్లు మండేది.

ఆల్బమ్ చేసుకుందామని సెలవులకి ఇంటికొచ్చాను. వచ్చిన మర్నాడే కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కితే గాని ఆకు ఈనెలు కాగితం మీద పడవు. నాకేమో గాలి తగిలినా ప్రాణం పోతోంది. అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే నాన్నగారు చూశారు. "దానికింత రాద్ధాంతమా? ఎలాగో చెప్పు, నేను నొక్కిపెడతాను" అన్నారు.

చెప్పాను. దీపం మసిని కాస్త ఆముదంలో కలిపి, గుడ్డ ఉండతో ఆకుకి పల్చగా అద్ది, ఆ వైపు కాగితానికి ఆనించి నొక్కాలి. ఈనెలు తేలిన వైపే మసి అద్దాలని కూడా చెప్పాను. ఆయన తలూపారు. నేను వేలికి నిమ్మకాయ తొడుక్కుని లోపలికెళ్లి పడుకున్నాను.

లేచొచ్చి చూద్దును కదా, పన్నెండు కాగితాల మీదా పన్నెండు నల్లటి మచ్చలు. ఏది రావి ఆకో ఏది జువ్వి ఆకో వాటిని కన్న చెట్లు కూడా చెప్పలేవు. ఆయన ప్రతి ఆకుకీ నున్నటి వైపే మసి పూశారు.

"ఈనెల వైపు అన్నాను కదండీ?"

"అది వెనకవైపు కదమ్మా. అరిటాకైనా తామరాకైనా వెనకవైపు వడ్డిస్తే మనింటికి మళ్లీ ఎవరన్నా భోజనానికొస్తారా? అంత పెద్దావిడ చూసేదానికి వెనకవైపు ఎలా పెడతాం?" అన్నారు చాలా నింపాదిగా.

మా వైపు తిట్టేటప్పుడు కూడా అండీ వదలం. "మీకు బుద్ధుందాండీ? నన్ను తప్పించాలనే చేశారండీ. ఆ సంబంధం వాళ్లకి మాటిచ్చేసి ఉంటారండీ" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. కన్నతండ్రిని అనే మాటలా అవి అని అమ్మ నన్ను కేకలేసింది. ఆయన మాత్రం చేతుల మసైనా కడుక్కోకుండా వెళ్లి మళ్లీ ఆకులు కోసుకొచ్చారు.

ఈసారి పక్కనే కూర్చున్నాను. మొదటి ఆకు వెనక్కి తిప్పేటప్పుడు ఎవరన్నా చూస్తున్నారేమోనని వీధివైపు చూశారు పాపం. నాగలి పట్టిన వేలు అంత మెత్తగా నడుస్తుందని నాకు తెలీదు. ఆకు ఎత్తితే సన్న ఈనెలతో సహా అన్నీ పడ్డాయి. ఆయన కాగితాన్ని వెలుగుకి పట్టుకుని, "ఇన్నేళ్లుగా ఆకుల్లోనే తింటున్నాను, ఇంత పనితనం ఉందని చూళ్లేదు" అన్నారు. పన్నెండో ఆకు దగ్గరికొచ్చేసరికి, మసి ఎక్కువైందని నన్నే కసరడం మొదలుపెట్టారు.

ఏలూరులో ఇన్‌స్పెక్ట్రెస్ గారు ఆల్బమ్ తిరగేస్తూ ఏడో పేజీ దగ్గర ఆగారు. ఆకు పక్కన ఇంత లావు బొటనవేలి ముద్ర. "ఏదీ, నీ వేలు చూపించు" అన్నారు. వంకాయ పక్కన బెండకాయ పెట్టినట్టుంది.

"మా నాన్నగారిదండీ. నాకు గోరుచుట్టు వస్తే అన్నీ ఆయనే వేశారండీ."

నా సర్టిఫికెట్టు ఏలూరు కాలవలో కలిసిందనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తీసి, "ఆయన ఏం చేస్తారు?" అనడిగారు.

"వ్యవసాయమండీ. చదువుకోలేదండీ."

"మరి ఇది ఆయనకి ఎవరు నేర్పారు?"

"నేనేనండీ. మొదటిసారి పాడుచేశారండీ. తిట్టానండీ. తరవాత పక్కన కూర్చుని చూపిస్తే వచ్చేసిందండీ."

ఆవిడ బయటినుంచి ఒక ఆకు తెప్పించి తన ఎదురుగా నాచేత అచ్చు వేయించారు. మానీ మానని వేలితో, కళ్లంట నీళ్లు కారుతుండగా వేశాను. దాన్ని ఆల్బమ్‌లో పెట్టి, "పెద్దవాళ్లకి నేర్పడం కష్టం, పిల్లలు నీకో లెక్క కాదు. తిట్టకుండా చెప్పు" అని సంతకం చేశారు.

ఇంటికెళ్లి నాన్నగారికి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. పాసయ్యానన్న మాట ఆయన చెవికి ఎక్కనేలేదు.

"తిట్టానని కూడా చెప్పావా?"

"చెప్పానండీ."

"పిచ్చిదానా, ఎందుకు చెప్పావు? ఆవిడ అది మనసులో పెట్టుకుని రేపు నీకు ఉద్యోగం ఇవ్వకపోతే?"