ఉడుముకు వేసిన వల

చింతామణి దగ్గరి పల్లెలో ఆదెప్పకు పట్టుపురుగులు పెంచడం తప్ప వేరే పని రాదు. ఆ పనీ సగమే వచ్చు. మిగతా సగం భార్య గంగులమ్మది. నడుం పడిపోయి ఆమె మంచం పట్టాక, ఈ పంట ఒంటరిగా తీస్తానని ఆమెకు మాటిచ్చాడు. ఆమె మంచానికి, పురుగుల ఇంటికి మధ్య ఒకటే గోడ. ఎదిగిన పురుగులు ఆకు తింటుంటే తుంపర పడుతున్నట్టు సద్దు వస్తుంది. ఆ సద్దు కోసమే ఆమె ఎదురుచూస్తోంది.

ఒక మధ్యాహ్నం పురుగుల ఇంటి గడప దగ్గర రెండు మూరల ఉడుము కనబడింది. పురుగులను తినేస్తుందని ఆదెప్పకు పై ప్రాణాలు పైనే పోయాయి. చేతికి ఏదీ దొరక్క, కిటికీకి కట్టిన సన్నకన్నుల వల పీకి దాని మీద వేశాడు. పక్కింటి బయ్యప్ప కట్టెతో పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి కొట్టి చంపారు.

ఆదెప్ప దాన్ని తోక పట్టుకుని భార్యకు చూపించాడు. ఆమె ఉడుమును చూడలేదు.

“ఆ వల యాడిది?”

“కిటికీదేలే. చినిగిపాయ. రేపు చింతామణి పోయి కొత్తది తెస్తా.”



ఆ వల కట్టిందే ఊజి ఈగ రాకుండా. రేపటిదాకా అది ఎందుకు ఆగుతుంది? ఇంట్లో తిరిగే ఈగ కంటే కాస్త పెద్దది, అంతే. పురుగు మీద ఒక గుడ్డు పెట్టి పోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగును లోపల్నుంచి తినేస్తుంది. వారం తిరిగేసరికి తట్టల నిండా నల్లమచ్చల పురుగులే. పాపం ఆ ఉడుము ఎలుకల కోసం వచ్చిందో ఏమో, పురుగులనైతే ముట్టలేదు. చచ్చిన పురుగులను ఉడుమును పూడ్చిన చోటి పక్కనే గుంట తీసి పూడ్చాడు. పూడుస్తూ ఏడ్చాడు.

సాయంత్రం గంగులమ్మ అడిగింది: “సద్దే ఇనపడలేదే?”

“తింటాండాయిలే. నీకే చెవుడొచ్చినట్టుండాది” అని నవ్వబోయాడు.

ఖాళీ పురుగుల ఇంట్లోకి పోయి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మిగిలిన మల్బరీ ఆకు రెండు చేతుల మధ్య పెట్టుకుని మెల్లగా నలపసాగాడు. అచ్చం తింటున్నట్టే ఉంది సద్దు. అరచేతులు పచ్చబడి మండుతున్నా ఆపలేదు.

చాలాసేపటికి గోడ అవతల నుంచి గంగులమ్మ గొంతు వినిపించింది.

“చాల్లే, రా. చేతులు నొస్తాయి నీకి.”