ధూల్‌పేట్‌లో తిన్న ఉప్పు

సుందరమ్మ కాగితం మూల మడిచి, సూదితో పొడిచి, పసుపు దారం లాగి ముడి వేసింది. ముడి గట్టిగా పడిందో లేదో గోటితో గుంజి చూసి, కొసను పళ్లతో తెంపింది. పేరు రాయలేదు. కాన్పుల వార్డులో ఆయాగా చేరిన నాటి నుంచి ఆమెకు తెలిసిన పద్ధతి అది. పుట్టిన పసికందు మణికట్టుకు ఒక రంగు దారం, తల్లి మణికట్టుకు అదే రంగు దారం. ఏది ఎవరిదో కట్టిన చేతికి తెలిస్తే చాలు.

ఇప్పుడు కట్టింది మాత్రం ఒక ఆడమనిషి చెప్పుకున్న గోడుకు.

ఎనభై మూడులో వానలు మొదలయ్యాక ఈ రెండో పని దొరికింది. పురానాపూల్ దగ్గర ఉండే రంగనాయకి లా కాలేజీలో పై చదువు చదువుతోంది. తాతల కాలం నుంచి గుడి సేవలో ఉన్న ఇల్లు వాళ్లది. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు రోగిని నిజంగా అడుగుతున్నారా, ఊరికే వేలిముద్ర వేయించుకుంటున్నారా అన్నది ఆ పిల్ల రాస్తున్న థీసిస్. చట్టాలు లైబ్రరీలో దొరికాయి గానీ ఆడవాళ్ల మాటలు దొరకలేదు. తానే పెన్ను పట్టుకుని బస్తీలకు పోతే అందరూ తలుపుల వెనక్కి తప్పుకున్నారు. అందుకని డ్యూటీ దిగాక సుందరమ్మ పోయేది. చర్చి ఆదివారం బడిలో నేర్చిన అక్షరాలతో, చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చి చదివి వినిపించేది. పని ముగిసేదాకా కాగితాలు సుందరమ్మ దగ్గరే ఉంటాయని, మనుషుల గుట్టు బయటపెట్టేది లేదని ఇద్దరూ మొదట్లోనే అనుకున్నారు.

పసుపు దారం చంద్రమ్మది. ధూల్‌పేట్‌లో వినాయకుడి బొమ్మలకు కళ్లు దిద్దుతుంది. ఆడబిడ్డ పుట్టినప్పుడు కాన్పు కష్టమై కోత పెట్టారు. నొప్పుల్లో ఉండగా ఎవరో ఆమె బొటనవేలు పట్టుకుని కాగితం మీద ఒత్తారు. ఇక పిల్లలు పుట్టకుండా కూడా చేశారన్న సంగతి, ఎన్నాళ్లకో దవాఖాన చీటీని సుందరమ్మతో చదివించుకున్నాక గానీ తెలియలేదు. మొగుడు కొండల్‌కు చెప్పలేదు. మనవడి కోసం అత్త ఆగమ్మ మొక్కని దేవుడు లేడు, ముడుపు కట్టని దర్గా లేదు. తెలిసిన మర్నాడే కొడుక్కు ఇంకో పిల్లను చూస్తుంది.

"సుందరక్కా, నా బిడ్డ నెత్తిమీద చెయ్యి పెట్టు. ఇది బయటికి పోదు గద?"

సుందరమ్మ చెయ్యి పెట్టింది.

పసుపు దారం కాగితం విన్నప్పటి నుంచి రంగనాయకిది ఒకటే పట్టు. "ఒక్కసారి ఆవిణ్ని చూస్తాను అక్కా. నేను అర్థం చేసుకున్నది సరిగ్గా ఉందో లేదో తెలియాలి కదా. నోరెత్తి ఏమీ అడగను."

సుందరమ్మ కొన్నాళ్లు తప్పించుకుని, చివరికి ఆగమ్మ కళ్లకు బొమ్మ బేరానికి వచ్చిన మనిషిలా తీసుకుపోయి, ఎవరో చంద్రమ్మకు మాత్రం చాటుగా చెప్పింది. చంద్రమ్మ కుంచె పక్కన పెట్టి, తింటారో తినరో అని జంకుతూనే జొన్నరొట్టె, ఉప్పు, ఉల్లిగడ్డ తెచ్చిపెట్టింది. బయట మంచినీళ్లు కూడా ముట్టని ఇంటి పిల్ల మట్టి నేల మీద కూర్చుని, రొట్టె తుంచి, ఉప్పద్దుకుని తిన్నది. ఇంకో ముక్క అడిగి మరీ తిన్నది.

వాళ్లు లేస్తుంటే చంద్రమ్మ నవ్వుతూ సుందరమ్మ చెవిలో అన్నది. "ఇగ ఫికర్ లేదక్కా. మా ఇంట్ల నమక్ తిన్నది."

సుందరమ్మకూ అలాగే అనిపించింది. ఆ గల్లీల్లో స్టాంపు కాగితాన్ని నమ్మనివాళ్లు కూడా ఉప్పును నమ్ముతారు.

చవితి దగ్గరపడింది. రంగులు ఆరుతున్న బొమ్మల మధ్య ఒకడు సైకిల్ దిగాడు. పేరు అంజన్. రంగనాయకి మేనమామ రామానుజం వకీలు దగ్గర గుమాస్తా. కొండల్ బంకమట్టి తొక్కుతున్నాడు.

"కొండల్ అంటే నువ్వేనా భాయ్? నీ భార్య కేసుల నీ సంతకం గావాలె."

"ఏం కేసు?"

"గదే, ఆపరేషన్ కేసు. పిల్లలు గాకుండ జేసిండ్రు గద దవాఖానల! మా సాబ్ ఫీజు గూడ తీసుకోడు. పేపర్ల పడ్తది, మస్తు పేరొస్తది."

కొండల్ మట్టిలోంచి కాళ్లు తీయలేదు. ఆగమ్మే ముందు లేచింది. "ఏమన్నవ్? మల్లొక్కసారి అను!"

అంజన్ పాపం మంచికే వచ్చాననుకున్నాడు. ముసలామెకు సరిగా వినపడలేదేమోనని, ఇంకా గట్టిగా, సాబ్ మేనకోడలు వచ్చి చూసిపోయిన సంగతితో సహా వివరంగా చెప్పాడు. ఇరుగుపొరుగు పనులు ఆపి విన్నారు.

కబురు వార్డుకు చేరింది. సుందరమ్మ డ్యూటీ దిగి పోయేసరికి లొల్లి సద్దుమణిగింది. కొండల్ బొమ్మల షెడ్డులో గోడవైపు తిరిగి పడుకున్నాడు. గడపలో ఆగమ్మ కూర్చున్నది.

"వచ్చినవా బైబిలమ్మా! నీ దోస్తును గూడ తోల్కరాకపోయినవ్, రొట్టె ఇంక మిగిలింది."

"నాకు తెల్వదు ఆగమ్మత్తా. ఒట్టు..."

"ఒట్లు పెట్టుడు నీకు అలవాటే గద! మా అన్న బిడ్డను కొండల్‌కు అడుగనీకె పోతున్న. పో, గది గూడ రాస్కో."

లోపల చంద్రమ్మ వినాయకుడి కన్ను దిద్దుతోంది. పండుగ పని ఎవరి కోసమూ ఆగదు. తల తిప్పకుండానే అన్నది.

"అప్పుడు డాక్టర్ నన్ను అడుగలే. ఇప్పుడు మీరూ అడుగలే. ఆ పిల్లను నేను పిలువలే అక్కా, నువ్వే తోల్కొస్తివి."

కుంచెను రంగులో ముంచి రెండో కన్ను మొదలుపెట్టింది. సుందరమ్మకు ఎక్కువ గుచ్చుకున్నది అదే.

మర్నాడు సుందరమ్మ రంగనాయకి ఇంటికి పోయి, వరండాలోనే నిలదీసింది. ఆ పిల్ల తడబడలేదు.

"కేసు గెలిస్తే ఆవిడకే కదా మేలు! ఎంతమందికో దారి అవుతుంది. ఎవరో ఒకరు ముందుకు రావాలి అక్కా."

"అయితే నువ్వు రా బిడ్డా. ఆమెనెందుకు ముందుకు నూకినవ్?"

"నేను పేరు చెప్పలేదు. మామయ్యకు ఇల్లు ఎక్కడో చెప్పాను, అంతే. మిగతాది అంజన్ కనుక్కున్నాడు."

"నువ్వు ఆ ఇంట్ల ఉప్పు తిన్నవ్."

రంగనాయకి నిజంగానే అర్థంకానట్టు చూసింది. "ఆకలేసింది, తిన్నాను. దానికీ దీనికీ ఏం సంబంధం?"

మాట తప్పినవాళ్లను సుందరమ్మ చాలామందిని చూసింది. వాళ్లకు కనీసం ఎక్కడ తప్పారో తెలుసు.

మిగిలిన కాగితాలను చించి మూసీలో పారేయొచ్చు. కానీ అందులో ఉన్నవి ఆమె మాటలు కావు. మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది. ధూల్‌పేట్‌లో జరిగింది దాచకుండా చెప్పి, ఇయ్యాల్నా వద్దా అని అడిగింది. దబీర్‌పురా స్టేషన్ పక్క నీలమ్మ వద్దన్నది. ఎర్ర దారం కాగితం ఆమె పొయ్యిలోనే కాలింది. కళావతి మాత్రం నడుమున చెయ్యి పెట్టుకుని, "నా మొగుడు సచ్చిండు, అత్త సచ్చింది, నాకెవల భయం? నా పేరు పెద్దగ రాయమను!" అన్నది.

పసుపు దారం కాగితం చంద్రమ్మ చేతికే ఇచ్చింది. అంజన్ రెండోసారి వస్తే ఆమె తలుపు తీయలేదట, కేసు పడలేదు. కొండల్ పక్క ఇంకా షెడ్డులోనే ఉంది. చంద్రమ్మ కాగితాన్ని మట్టి నానేసిన తొట్టిలో ముంచి, గుజ్జయ్యేదాకా పిసికింది. కూర్చోమని అనలేదు.

ఇయ్యమన్నవాళ్ల కాగితాలను సుందరమ్మ అంచులు కలిపి సర్ది, దారాలు ఒక్కొక్కటే విప్పేసి, రంగనాయకి ఇంటికి తీసుకుపోయి చేతికిచ్చింది.

"ఇంతేనా అక్కా?"

"ఇయ్యమన్నోళ్లవి ఇవే అమ్మా. పనైపోయింది."

ఆ ఇంట్లో ఆమె నోట 'బిడ్డా' అన్న పిలుపు రాకపోవడం అదే మొదలు. రంగనాయకి గబగబా లోపలికి పోయి పులిహోర పళ్లెం తెచ్చింది. "తిని వెళ్లు అక్కా."

"వద్దమ్మా."

"మంచినీళ్లయినా?"

సుందరమ్మ అప్పటికే చెప్పులేసుకుంది. మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగింది.

"జల్లు కొడుతున్నది. కాగితాలు లోపల పెట్టుకో."