ఎవరి గుర్తూ కాని బొమ్మలు

నిన్న పొద్దున ఏడుంబావుకు ప్రొద్దుటూరులో ఒక ఇంటి గోడకు సున్నం కొడుతున్నారు. ఆ తడి వాసనకు, గండికోట ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయిన మా ఊరూ, బస్సు ఆగే చోట ఉండే మా నాయనమ్మ, మా జేజి ఇంటి పొడవాటి గోడా జ్ఞాపకం వచ్చాయి.

ఊళ్లో రెండు పార్టీలు. ఒకదానికి జేజి తమ్ముడు పెద్ద, రెండోదానికి ఆమె మరిది. నేను మూడో తరగతిలో ఉండగా, ఇంటింటా పచ్చి వేరుశనక్కాయలు ఉడికే రోజుల్లో, పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఆ గోడ మీద తమ గుర్తే వేయాలని ఇద్దరూ కబురు పెట్టారు. ఒకరికిస్తే రెండోవాళ్ల రాళ్లు మా తలుపు మీద పడతాయి. అప్పటికే రెండిళ్ల తలుపులు విరిగాయి. జేజి ఇద్దరికీ ఒకే మాట చెప్పి పంపింది: "గోడకు బొమ్మలేయిస్తాండా. జాగా ల్యాదు."

జమ్మలమడుగు నుంచి పెయింటరు కాశీం వచ్చాడు.

"ఏ దేవున్నెయ్యాల పెద్దమ్మా?"

"దేవుడొద్దప్పా. ఆయప్ప చేతిలో ఏదో ఒకటుంటాది, అది ఎవురి గుర్తో ఏమో. మేం పనిజేసేది ఎయ్యి."

కాశీం గోడ మీద జేజి బొమ్మ వేసి చేతికి చేట ఇచ్చాడు. సాయంత్రానికి మరిది మనుషులొచ్చి, అది ఎదుటివాళ్ల గుర్తన్నారు. చేట మీద సున్నం పడింది. గొర్రెల ఓబులేసు నెత్తిన గొడుగు వేస్తే తమ్ముడి మనుషులు ఒప్పుకోలేదు. నిచ్చెన పోయింది, లాంతరు పోయింది, మంచం కూడా పోయింది. ఇంట్లో ఉండే ప్రతి వస్తువూ ఏదో ఒక వార్డులో పోటీ చేస్తోంది. చివరికి గోడ మీద, ఏం చేయాలో తోచనట్టు, ఉత్త చేతులతో మనుషులు మిగిలారు.

"గుర్తుల లిస్టులో మనిషి ఉండాడా?" అంది జేజి.

"ల్యాడు. బాగా చూసినా."

ఇక కాశీం మనుషుల్నే వేశాడు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఉడికిన కాయలు వలుచుకుంటూ జనం వరసలో నిలబడ్డారు. "నా మూతి అంత వంకరుంటాదా అప్పా?" అన్నాడు ఓబులేసు. "కదలాకు, ఇంగా వంకరొస్తాది" అన్నాడు కాశీం.

తమ ఓటర్లందరూ గోడెక్కడం చూసి ఆ పెద్దలిద్దరూ కూడా వచ్చారు. మిగిలింది ఒక్క మూల.

"ఇద్దరూ ఒకే అరుగు మీద కూచుంటే ఏయిస్తా" అంది జేజి.

ఏళ్ల తరబడి పలకరించుకోని ఇద్దరూ మధ్యాహ్నం దాకా భుజాలు తగిలేట్టు కూర్చున్నారు.

"రోంత అట్ల జరుగు" అన్నాడు తమ్ముడు.

"కదలొద్దన్న్యాడు గదప్పా" అన్నాడు మరిది.

ఆ ఎన్నికల్లో మా ఇంటి మీద రాయి పడలేదు. ఎవరి మొహం మీద వాళ్లు వేసుకోలేకపోయారు.

ఇప్పుడు, ఊరు మునిగాక మాకిచ్చిన కాలనీలో, ఎన్నికలకు ఫ్లెక్సీలు కడతారు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గోడ మీద బొమ్మ వేయడం లేదు.