గుడ్డు లేని ఉప్పునీళ్లు

బస్తాడు మంచి విత్తనాన్ని ఒక్క పూటలో తాలు చేయడం ఎలాగో నాకు తెలుసు. పెద్దగా కష్టపడనక్కర్లేదు. ఫిజిక్సులో డిగ్రీ, కాస్త ఉప్పు ఉంటే చాలు.

అప్పుడే కరీంనగర్‌లో చదువు ముగించి ఊరికొచ్చాను. నారు పోసే రోజులు. బాపు ఏటా విత్తనపు వడ్లకు ఉప్పునీళ్ల పరీక్ష పెడతాడు. గంగాళం నీళ్లలో కోడిగుడ్డు వేసి, అది తేలి రూపాయి బిళ్లంత నెత్తి బయటపెట్టేదాకా దొడ్డుప్పు కలుపుతాడు. ఆ నీళ్లలో వడ్లు పోస్తే తాలు తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది.

ఆ ఏడు బాపు హనుమాన్ మాల వేసుకున్నాడు. ఇంట్లోకి గుడ్డు రాకూడదు. ఆయన కోప్పడకూడదు. ఎవరినైనా స్వామీ అనే పిలవాలి, నన్ను కూడా. వీటిలో మొదటి నియమం నన్ను ముంచింది, మిగతా రెండూ బతికించాయి.

అందుకని ఆ ఏడు పరీక్ష నా మీద పడింది. పక్కింటి రాజవ్వ వాకిట్లో గుడ్డుతో పని కానిచ్చుకొమ్మని మా అమ్మ, అదే మా అవ్వ, చెప్పింది.

"గుడ్డెందుకే అవ్వా? గిది సాంద్రత. లెక్క కడితే తెలుస్తది," అన్నాను.

క్యాలెండరు వెనక కట్టాను. లెక్కలో తప్పు లేదు, ఇప్పటికీ ఒప్పుకోను. కాకపోతే అది నిండు గంగాళానికి కట్టిన లెక్క. నీళ్లు సగమే ఉన్నాయి.

లెక్కలో వచ్చిన ఉప్పంతా కలిపి వడ్లు పోశాను. పెళ్లిలో భోజనాల పిలుపుకు జనం లేచినట్టు అన్నీ ఒక్కసారే పైకొచ్చాయి. బుర్ర ఉన్నవాడు నీళ్లను అనుమానిస్తాడు. నేను బాపును అనుమానించాను.

"ఏడాది దాసింది ఉత్త తాలే బాపూ," అన్నాను, రాజవ్వకు కూడా వినబడేలా.

మడిమడి తిరిగి ఆయన ఏరిన విత్తనం అది. ఇంట్లో వేరే గింజ లేదు. బాపు ముఖం వాడిపోయింది. నేను మాత్రం జల్లెడతో తేలినవన్నీ తీసి రాజవ్వ కోళ్ల ముందు పోశాను. అవి రెండు గింజలు పొడిచి, నన్నొకసారి చూసి, నీళ్ల తొట్టి వైపు పోయాయి. నా డిగ్రీని మొదట అనుమానించింది అవే.

అవ్వ ఒక గింజ కొరికింది. టక్కుమంది. చెంబెడు మంచినీళ్లలో గుప్పెడు వడ్లు వేసింది. దాదాపు అన్నీ అడుక్కు పోయి కూర్చున్నాయి.

"ఇత్తనం మంచిదే బిడ్డా. ఉప్పెక్కువైతే ఏదైనా తేలుతది," అంది. మా లెక్చరరు ఏడాదంతా చెప్పింది ఇదే.

బాపు దగ్గరికొచ్చాడు.

"స్వామీ," అన్నాడు చాలా మెల్లగా, "జర లోపలికి పో స్వామీ. మాల తీసుటానికి ఇంక ఆరు దినాలున్నయి."

అవ్వ కోళ్ల ముందున్న వడ్లన్నీ ఎత్తి తెచ్చి, గంగాళం నిండా నీళ్లు పోసి మళ్లీ పరీక్ష పెట్టింది. తాలు తేలింది, విత్తనం మునిగింది. అంటే నా లెక్క సరిపోయిందన్నమాట. ఎవరూ మెచ్చుకోలేదు. వడ్లను మూడుసార్లు కడిగి, నానబెట్టి, సంచికెత్తింది. నాలుగో నాటికి తెల్లగా మొలకలొచ్చాయి. బాపు ముఖంలో మాత్రం ఏమీ మొలవలేదు.

ఏడో రోజు ఆయన కొండగట్టులో మాల తీసి ఇంటికొచ్చాడు. ఆసిఫాబాద్‌లో ఉన్న మేనత్త మీద నాకు ఉన్నట్టుండి ప్రేమ పొంగింది. సంచి సర్దుతుంటే పిలుపొచ్చింది.

వాకిట్లో సగం గంగాళం నీళ్లు, ఉప్పు. బాపు చేతిలో రాజవ్వ ఇచ్చిన గుడ్డు. దాన్ని నీళ్లలో వేసి, ఉప్పు కలపమన్నాడు. కలిపాను. గుడ్డు నెత్తి బయటపెట్టింది.

"ఇగ ఆగు. నీళ్లు సగమున్నయా, నిండున్నయా అని దీనికి ఎవ్వలు చెప్పలే. ఇది సదువుకోలే గూడ."

తడి గుడ్డు మీద చెయ్యి వేసి అక్కడే ప్రమాణం చేశాను: గుడ్డు సాక్షిగా లేకుండా ఈ జన్మలో ఉప్పు కలపను. ఇప్పటివరకూ తప్పలేదు.

ఆ పూట సాక్షిని కూర వండుకున్నాం. ఉప్పు అవ్వ వేసింది.