నీలి జెండా పెట్టినవాడు

నా చిన్నప్పుడు మేం కెనడాలోని దక్షిణ ఒంటారియోలో ఓ చిన్న రైల్వే ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడ డాక్టరు. మేం వెళ్లేసరికే రైళ్లు ఆగిపోయాయి, వర్క్‌షాపు మూతపడింది, సగం ఊరు పని వెతుక్కుంటూ వెళ్లిపోయింది. ఆ వర్క్‌షాపులో బోగీలు బాగుచేసి రిటైరైన తెల్లాయన మా పక్కింట్లో ఉండేవాడు. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలిస్తే అమ్మ ఊరుకోదు కాబట్టి, ఆయన నాకు పక్కింటి తాతయ్య.

ఒక నవంబరు పొద్దున పాత స్టేషను కూల్చడానికి మనుషులు వచ్చారు. అప్పటికే తాతయ్య స్టేషను తలుపు ముందు నీలి జెండా పాతి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బోగీ కింద మనిషి పనిచేస్తున్నాడు, కదిలించొద్దు అని చెప్పే జెండా అది. పెట్టినవాడే తీయాలి, ఇంకెవరూ ముట్టకూడదు. వచ్చిన కూలీలంతా ఒకప్పుడు ఆ వర్క్‌షాపులో పనిచేసినవాళ్లే! కాంట్రాక్టరు ఎంత అరిచినా ఒక్కడూ దాని మీద చెయ్యి వెయ్యలేదు.

అమ్మకి ఒళ్లు మండింది. "ముసలాయనకి మతిపోయిందా ఏంటి, ఈ చలిలో కొయ్యబారిపోతాడు! ఈ టీ ఇచ్చిరా, పో" అని ఫ్లాస్కు నా చేతిలో పెట్టింది.

ఎలాగూ జెండాని ఎవరూ తీయరు కదా, ఇంటికి వచ్చెయ్యమని ఆయన్ని బతిమాలాను. నేను వెళ్లిపోతే అది ఉత్త గుడ్డముక్క అన్నాడాయన, మనిషి ఉంటేనే దానికి విలువ. పెదాలు నల్లబడ్డా కదల్లేదు. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన్ని చూసి జనం పోగయ్యారు. సాయంత్రానికి ఊరి కౌన్సిల్ వాళ్లు వచ్చి కూల్చడం ఆపించారు. అప్పుడు తాతయ్య లేచి, తనే జెండా తీసుకున్నాడు.

నేనింకా ఆ ఊళ్లోనే ఉంటున్నాను. ఆ స్టేషను ఇప్పుడు లైబ్రరీ. మొన్నామధ్య ఇండియా నుంచి స్టూడెంట్లు వెల్లువలా వచ్చాక, బోసిపోయిన మా ఊరికి మళ్లీ కళ వచ్చింది. అద్దెలు పెరిగాయని సణిగేవాళ్లూ లేకపోలేదు. ఓ జనవరిలో గుంటూరు పిల్లలు నలుగురు మా గుమ్మంలో నిలబడ్డారు. "ఆంటీ, మేం అద్దెకున్న బేస్‌మెంట్ రేపే ఖాళీ చేయమంటున్నారు ఓనరు. ఎక్కడికెళ్లాలో తెలీట్లేదు."

నేను చూసుకుంటాలే అనబోయి ఆగాను. ఆ మాట అనడం ఎంతసేపు! ఎవరికైనా అండగా ఉంటానని చెప్పేముందు, అక్కడ ఎంతసేపు ఉండగలనో నన్ను నేను అడుగుతాను. ఆ పూటా అడిగాను. కోటు వేసుకుని, వాళ్లతో వెళ్లి, ఓనరు ఇంటి మెట్ల మీద కూర్చున్నాను. పిల్లలు చలికాలమంతా ఉండొచ్చని ఆయన ఒప్పుకునేదాకా లేవలేదు.